మొగిలి దిగుడు

షోరూములో పిల్లోడు
కిలోమీటర్లు, యూనిట్లు, ఏడేండ్ల వారంటీ
ఎక్కాలు ఒప్పజెప్పినట్టు ఒప్పజెప్తా ఉండాడు.
నేను అడిగింది ఒకటే మాట:
పోయేటప్పుడు టమోటా, వచ్చేటప్పుడు ఎర్రగడ్డ మూటలు.
మూటలతో మొగిలి ఘాటు ఎక్కతాదా?

"మొగిలి అంటే?" అన్నాడు.
చెన్నైలో చదివొచ్చినోడు పాపం.

రెడ్డెమ్మ మాత్రం ఏమీ అడగలేదు.
పాలకార్డు వెనక డీజిలు ఒక పక్క, కరెంటు ఒక పక్క,
కింద బ్యాంకు కంతు,
ఆ కింద గీత,
గీత కింద మిగిలిన అంకె చుట్టూ సున్నా చుట్టి
నా జేబులో పెట్టింది.
"ఇది తప్పినావంటే నువ్వే తొక్కల్ల బండి."

పన్నెండు మూటలేసి, పిల్లోణ్ణి పక్కన కూర్చోబెట్టి
బంగారుపాళ్యం దాటినా.
అరవై ఒకటి. యాభై ఎనిమిది. యాభై మూడు.
నేను అంకెను చూస్తా ఉండా,
వాడు నన్ను చూస్తా ఉండాడు.
ఘాటు మీదికొచ్చేసరికి నలభై ఏడు.
ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలినాం.
ఊపిరి చప్పుడు వినపడింది.
పద్నాలుగేండ్ల పాత బండిలో
నా ఊపిరి నాకెప్పుడూ వినపడలేదు.

ఆ పాత బండిని పుంగనూరాయన తోలకపోయినాడు,
ముందర కట్టిన నిమ్మకాయతో సహా.
వాకిట్లో నూనె మరక మిగిలింది.
రెడ్డెమ్మ దాని పక్కనే ముగ్గేస్తాది, మీద వెయ్యదు.

మొదటి రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.
వైరు వేడెక్కిందేమోనని ఆమె రెండుసార్లు లేచింది,
జ్వరమొచ్చిన బిడ్డ నుదురు తాకినట్టు తాకి చూసింది.
రెండు గంటలకు కరెంటు పోయింది.
ఇన్నేండ్లూ కరెంటు పోతే దోమల్నే తిట్టినా.
ఆ రాత్రి లైన్‌మన్ మునిచంద్ర నంబరు
చీకట్లోనే నోటికొచ్చేసింది.

మూడు గంటలకు బయల్దేరితే
వీధిలో కుక్క కూడా తల ఎత్తలేదు.
మధ్యాహ్నం తిరిగొస్తే ఇడ్లీల చెంగమ్మ
గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడుకోనుంది:
"నీ బండి కూత లేక
నా పొయ్యి ఆరుకు ముట్టించినానప్పా!
బేరమంతా బస్టాండుకు పోయింది!"
అప్పట్నుంచి దినామూ
ఆమె కిటికీ రెక్క మీద రెండు దెబ్బలు కొట్టి
బండెక్కుతా.

నూరుల్లా షెడ్డుకు నెల దినాలు పోలేదు.
పోవాలంటే మొహం చెల్లలేదు.
పాత బండి ఎన్నిసార్లు దగ్గిందో
అన్నిసార్లు మందేసినోడు.
చివరికి టైర్లో గాలి తక్కువుందని
అబద్ధం చెప్పి పోయినా.
ఆయన బానెట్టు మీద చెవి ఆనించి
చానాసేపు అట్లే ఉండినాడు.
మసి అంటని చేతుల్ని
అలవాటుగా గుడ్డకు తుడుచుకుని,
"దీంట్లో నాకేం లేదు" అన్నాడు.
మళ్ళా తానే,
"ఒకసారి దిగుడులో నన్ను తీసకపో."

తెల్లారుజామున నలభై పెట్టెల టమోటా వెనక,
పక్కన నూరుల్లా, మఫ్లరు చుట్టుకుని.
మలుపు మలుపుకూ కాలు పైకి తీస్తే చాలు,
వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగినట్టు
బండి నిదానిస్తా ఉండాది.
డెబ్బై ఒకటి.
డెబ్బై రెండు.
నిన్న ఎక్కేటప్పుడు మింగిందాంట్లో
రవ్వంత కక్కుతా ఉంది కొండ.
అంతా కాదు. అంతా ఎవురిస్తారు?

ఆయన అంకెను చూడలేదు.
కండ్లు మూసుకుని బ్రేకుల కోసం విన్నాడు.
కింద లైట్లు కనపడినాక కండ్లు తెరిచి,
"ప్యాడ్లు పదేండ్లయినా అరగవు నీకు."
మెచ్చుకున్నాడో, మొర పెట్టుకున్నాడో
నాకు తెలీలేదు.

బంగారుపాళ్యంలో టీకి ఆపితే
డబ్బులు నన్ను ఇవ్వనీలేదు.
నా ఎడమచెయ్యి చూసి నవ్వినాడు:
ఇంకా లేని గేరు మీదనే ఉండాది,
రెడ్డెమ్మ కట్టిన సంగటి డబ్బాను
న్యూట్రల్లో పట్టుకుని.